పదిహేడో నంబరు బిళ్ళ

సోమవారం పొద్దున ఎనిమిదింటికి గంట కొట్టగానే ఇశ్రాయేలు సామాన్ల గది కిటికీ తలుపులు బార్లా తెరిచి, కిటికీ ముందు చెక్కను తడిగుడ్డతో తుడిచాడు. తుడవాల్సినంత మురికి దానిమీద ఎన్నడూ ఉండదు. అయినా తుడుస్తాడు. పదకొండేళ్ళుగా అతని రోజు అలాగే మొదలవుతోంది, ఆ పూట కూడా అలాగే మొదలైంది.

పటమటలో వెంకటప్పయ్య గారి వర్క్‌షాపు అంటే లారీల వాళ్ళకీ, ఆయిల్ ఇంజన్ల రైతులకీ తెలియంది కాదు. పనివాళ్ళు నలభై మంది. పనిముట్లు మాత్రం ఒక్క గదిలోవే, అందరికీ కలిపి. గది గోడకి నిలువెత్తు చెక్క బోర్డు, బోర్డు నిండా మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో పనిముట్టు. దాని వెనక దాని ఆకారమే తెల్లరంగుతో గీసి ఉంటుంది. పానా తీస్తే పానా బొమ్మ మిగులుతుంది. ప్రతి పనివాడికీ తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు ఐదు ఇచ్చారు. కిటికీ దగ్గరికొచ్చి బిళ్ళ ఇచ్చినవాడికి పనిముట్టు ఇస్తారు. ఆ బిళ్ళ అదే మేకుకి వేలాడుతుంది. పనిముట్టు తిరిగొస్తే బిళ్ళ తిరిగిపోతుంది. రాతకోతలు లేవు, సంతకాలు లేవు. నలభై మందిలో సగం మందికి సంతకం రాదు కనక ఇది పెద్ద సుఖం. ఏ వస్తువు ఎవరి దగ్గరుందో బోర్డు చూసి చెప్పెయ్యచ్చు. ఇశ్రాయేలు అయితే చూడకుండానే చెప్పేవాడు.

ఈ ఏర్పాటుకి ఒక్కటే చిల్లు. ఆ చిల్లు పేరు తిరుపతిరావు.

తిరుపతిరావు ఫోర్‌మన్. అంతకన్నా ముఖ్యంగా వెంకటప్పయ్య గారి బావమరిది. ఆయనకీ ఐదు బిళ్ళలు కొట్టించారు గానీ అవి ఏ డ్రాయరులో పడి ఉన్నాయో ఆయనకే తెలియదు. కిటికీ దగ్గరికి రాడు, తలుపు తోసుకుని లోపలికే వస్తాడు. కావాల్సింది మేకు మీంచి తీసుకుంటాడు. "ఇది పట్టుకెళ్తున్నానయ్యా ఇశ్రాయేలూ" అంటాడు. అనకపోయినా అన్నట్టే. ఆయన్ని బిళ్ళ అడిగే మగవాడు ఆ వర్క్‌షాపులో లేడు.

సాయంత్రం గది తాళం వేసే ముందు వెంకటప్పయ్య గారు గుమ్మంలో నిలబడి బోర్డు మీద కన్నేస్తారు. ప్రతి మేకుకీ పనిముట్టయినా ఉండాలి, బిళ్ళయినా ఉండాలి. ఖాళీ మేకు కనబడితే ఇశ్రాయేలే జవాబు చెప్పుకోవాలి. మరి ఫోర్‌మన్ గారు పట్టుకెళ్ళిన మేకు సంగతేమిటి? ఇశ్రాయేలు దానికో ఉపాయం కనిపెట్టాడు. సెలవు మీద వెళ్ళేవాళ్ళు తమ బిళ్ళలు గదిలో అప్పజెప్పి పోతారు. ఆ బిళ్ళల్లో ఒకటి తీసి ఖాళీ మేకుకి తగిలించేవాడు. వెంకటప్పయ్య గారు బిళ్ళ ఉందా లేదా అని చూస్తారే గానీ నంబరు చదవరు. మర్నాడు ఫోర్‌మన్ వస్తువు తెచ్చి పడేస్తాడు, బిళ్ళ మళ్ళీ డ్రాయరులోకి పోతుంది. ఎవరికీ నష్టం లేదు. నాలుగేళ్ళుగా అలా నడుస్తోంది, నాలుగేళ్ళూ దానిని ఇశ్రాయేలు తన తెలివితేటల కిందే జమకట్టుకున్నాడు.

మొన్న శనివారం తిరుపతిరావు మైక్రోమీటరు పట్టుకెళ్ళాడు. వెంట్రుక మందం కూడా కొలిచి చెప్పే పరికరం, గుప్పిట్లో ఇమిడిపోయేంతది, ఆకుపచ్చ మఖమల్ గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో ఉంటుంది. వర్క్‌షాపు మొత్తానికి అది ఒక్కటే. ఆదివారాలు కంకిపాడు రైసు మిల్లులో ఇంజను పని చూసిపెడతాడాయన, అందుకు కావాల్సొచ్చింది. ఇశ్రాయేలు డ్రాయరు లాగాడు. ఫిట్టరు జక్కయ్య బిళ్ళలు తీగకి గుచ్చి ఉన్నాయి. జక్కయ్య పచ్చకామెర్లు తగిలి మూడు వారాలుగా మైలవరంలో అత్తగారింట పడి ఉన్నాడు. పదిహేడో నంబరు బిళ్ళ ఒకటి తీగలోంచి జారి మైక్రోమీటరు మేకుకి ఎక్కింది.

ఇవాళ కిటికీ ముందు మొట్టమొదట నిలబడ్డవాడు జక్కయ్యే.

"వచ్చేశానన్నా" అన్నాడు నవ్వుతూ. మనిషి సగమయ్యాడు. కళ్ళల్లో పసుపు ఇంకా పూర్తిగా పోలేదు.

"అప్పుడే వచ్చావేంటయ్యా? ఇంకో వారం ఆగలేకపోయావా?"

"ఇంట్లో కూచుంటే చెయ్యి ఊరుకోవట్లేదు. ఉప్పూకారం లేని తిండి, పడుకోవటం, లేవటం. మా అత్త పసరు పోసిపోసి నాలిక పోయింది. నా బిళ్ళలియ్యి."

ఇశ్రాయేలు తీగ తీసి ఇచ్చాడు. జక్కయ్య చూడకుండానే జేబులో వేసుకున్నాడు. ఇశ్రాయేలు చేతిలోంచి వచ్చినదాన్ని లెక్కపెట్టుకునే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. ఒకటి తక్కువుందిరా, మధ్యాహ్నానికిస్తా అని చెప్పడానికి ఇశ్రాయేలు నోరు తెరవబోయాడు. వెనక నలుగురున్నారు. చెబితే ఎందుకు తక్కువుందో చెప్పాలి, ఎవరికోసమో చెప్పాలి. ఫోర్‌మన్ గారు పదింటికల్లా తెచ్చి పడేస్తాడు, ఈలోగా ఎందుకీ గోల అనుకున్నాడు. తర్వాతివాడి బిళ్ళ అందుకున్నాడు.

పదింటికి తిరుపతిరావు వచ్చాడు గానీ చేతిలో ఏమీ లేదు. ఆయన వెనకే వెంకటప్పయ్య గారు, ఆయన వెనక గుడివాడ లారీ యజమాని ఒకాయన. లారీ ఇంజనులో క్రాంకు షాఫ్టు అరిగింది, ఎంత అరిగిందో కొలిచి చూపించాలి.

"మైక్రోమీటరు ఇలా ఇయ్యవయ్యా" అన్నారు వెంకటప్పయ్య గారు కిటికీలోంచి.

ఇశ్రాయేలు వెనక్కి తిరిగాడు. "బయటుందండి."

"ఎవరి దగ్గర?"

ఆ ప్రశ్న అతన్ని రోజుకి ముప్ఫైసార్లు ఎవరో ఒకరు అడుగుతారు. ముప్ఫైసార్లూ మేకు వంక చూసి మేకు మీదున్నది చదువుతాడు. ఇప్పుడూ అదే చేశాడు. ఆలోచించి చేసింది కాదు, దేవుడి తోడు. నోరు దాని పని అది చేసుకుపోయింది.

"పదిహేడండి."

అన్న తర్వాత తెలిసింది ఏమన్నాడో. మాట వెనక్కి తీసుకుందామని తిరుపతిరావు వంక చూశాడు. తిరుపతిరావు పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఒక్కో వేలే, నిదానంగా. తుడుచుకుంటూనే, "పదిహేడంటే మన జక్కయ్యేగా" అన్నాడు.

జక్కయ్యని పిలిచారు. కిరసనాయిలు కారుతున్న చేతులు దూరంగా పట్టుకుని వచ్చాడు. "నేను తీసుకోలేదండి. నేనొచ్చిందే ఇవాళ పొద్దున. నా చేతిలో గేర్‌బాక్సు పనుంది, దానికి మైక్రోమీటరు ఎందుకండీ?"

"మరి నీ బిళ్ళ మేకుకెట్టా ఎక్కింది? రెక్కలొచ్చాయా?"

"నా బిళ్ళలు నా దగ్గరే ఉన్నాయండి." జక్కయ్య మోచేత్తో జేబు తోసి, రెండు వేళ్ళతో తీగ బయటికి లాగాడు. లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. నాలుగు.

అప్పుడు తలెత్తి ఇశ్రాయేలు వంక చూశాడు.

చుట్టూ పదిహేనుమంది చేరారు. ఎక్కడివక్కడ సుత్తులు ఆగిపోయాయి. ఇశ్రాయేలు కిటికీ అవతల, చెక్క మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉన్నాడు. చెప్పు, ఇప్పుడే చెప్పు అని లోపల ఎవరో గీపెడుతున్నారు. చెబితే మొదటి మాట ఏమిటి? 'ఆ బిళ్ళ నేనే తగిలించానండి.' రెండో మాట? 'నాలుగేళ్ళుగా అలాగే తగిలిస్తున్నానండి.' అక్కడితో పదకొండేళ్ళ పేరూ, గదీ, ఉద్యోగమూ మూడూ గంగలో కలుస్తాయి. జక్కయ్య చూపు తన మొహం మీంచి పోవడం లేదు. ఇశ్రాయేలు చెక్క మీదున్న తడిగుడ్డ వంక చూశాడు. ఆ తర్వాత నేల వంక చూశాడు.

"వాడి సామాను చూడండి" అన్నాడు తిరుపతిరావు.

గేటు కాపలావాడు జక్కయ్య సంచీ తెచ్చి అందరి ముందూ గుమ్మరించాడు. తువ్వాలు, ఖాళీ అగ్గిపెట్టె, అన్నం క్యారియరు. తిరుపతిరావే క్యారియరు మూత తీశాడు. ఉప్పు లేని మజ్జిగన్నం, పథ్యం తిండి. అందులో చూపుడువేలు దించి అడుగుదాకా కెలికాడు. ఎంత తుడుచుకున్నా వదలని గ్రీజు ఆ వేలికి. తెల్లటి అన్నంలో నల్లటి గీత పడింది. తాను పట్టుకెళ్ళిన వస్తువుని, తానే, ఇంకొకడి అన్నంలో వెతుకుతున్నాడు ఆ పెద్దమనిషి! మనిషి ఇంత పని చెయ్యగలడని ఇశ్రాయేలు కలలో కూడా అనుకోలేదు. ఆ పక్కనే ఇంకో మనిషి నోరుమూసుకుని చూస్తున్నాడన్న సంగతి మాత్రం అతనికి అప్పటికింకా తట్టలేదు.

"గురువారం పొద్దున దాకా టైమిస్తున్నా" అన్నారు వెంకటప్పయ్య గారు. మొహం కందగడ్డలా ఉంది. "వస్తువు తెస్తే సరి. లేకపోతే బిళ్ళలు అప్పజెప్పి పో. అసలు పోలీసులకి ఒక్క ఫోను కొట్టాలి. ఎమర్జెన్సీ రోజులు, తెలుసుగా? ఎందుకు పట్టుకెళ్ళారని అడిగే నాథుడు కూడా ఉండడు."

జక్కయ్య వంగి తువ్వాలు, అగ్గిపెట్టె సంచీలో వేసుకున్నాడు. క్యారియరులో అన్నం గేటు పక్కన కుక్కకి వేసి, గిన్నె కడుక్కుని, వెళ్ళిపోయాడు.

*

మంగళవారం మధ్యాహ్నం అన్నాల వేళ ఇశ్రాయేలు ఫోర్‌మన్ గదిలోకి వెళ్ళాడు. తిరుపతిరావు అరిటాకు పొట్లం విప్పుకుని పులిహోర తింటున్నాడు.

"ఫోర్‌మన్ గారూ, ఆ మైక్రోమీటరు..."

"పోయిందయ్యా. మిల్లులోనే పడిందో, బస్సులో మర్చిపోయానో. వెతికిస్తున్నాలే."

ఎంత తేలిగ్గా అన్నాడంటే, ఇశ్రాయేలుకి కాసేపు తానేం అడగడానికి వచ్చాడో కూడా గుర్తురాలేదు.

"మరి జక్కయ్య సంగతేంటండి? పాపం వాడు జబ్బు మనిషి. అయ్యగారికి మీరొక్క మాట చెబితే..."

"ఏమని?"

"మీరే పట్టుకెళ్ళారని."

తిరుపతిరావు నమలడం ఆపాడు. కోపం రాలేదాయనకి. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేను పట్టుకెళ్ళానని ఎక్కడుందయ్యా? మేకుకి నా బిళ్ళ ఉందా?"

"మీ బిళ్ళ ఎప్పుడుందండి?"

"అదే నేను చెప్పేది. తగిలించింది నువ్వు. బావగారడిగితే పదిహేడని చదివిందీ నువ్వు. నేను అన్నానా ఆ నంబరు? మధ్యలో నేనెక్కడున్నాను చెప్పు?" పల్లీ గింజ ఒకటి పంట్లో ఇరుక్కుంటే నాలికతో తీసుకున్నాడు. "సెలవు మీదున్నవాళ్ళ బిళ్ళలు నువ్వు ఇట్టా వాడేస్తున్నావని బావగారికి తెలిస్తే ఏమంటాడో, అది కూడా ఆలోచించుకో. నీ మంచి కోరి చెబుతున్నా."

ఇశ్రాయేలు బయటికొచ్చాడు. ఎండ కళ్ళల్లో సూదుల్లా గుచ్చుకుంటోంది. ఆ మనిషి చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. అతన్ని అదిరిపోయేలా చేసింది అదే. తగిలించింది తన చెయ్యి. చదివింది తన నోరు. నాలుగేళ్ళుగా ఆయన్ని కాపాడుతున్నానని అనుకుంటూ, ఆయన బోర్డు మీద ఎక్కడా లేకుండా చేసింది తనే.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య సంపూర్ణమ్మ దోసకాయ ముక్కలు కోస్తుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాడు. ఆవిడ మధ్యలో అడ్డుపడలేదు. కత్తిపీట మీద చెయ్యి మాత్రం ఆగిపోయింది.

"పదిహేడనే బదులు ఫోర్‌మన్ గారనటానికి నోరు రాలేదా?" అంది చివరికి.

"నోటికి అలవాటైపోయిందే."

"అలవాటంట! అన్నం తినేటప్పుడు ఉంటుంది నోరు, చెప్పాల్సినప్పుడు బోర్డయిపోతుంది."

"చెబితే నా ఉద్యోగం పోతుంది."

"పోద్ది. పోతే పోనీ అనేంత గొప్పదాన్ని కాదు నేను. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఆ మాట నా నోటెంట రాదు." మళ్ళీ ముక్కలు కోయడం మొదలుపెట్టింది. "కానీ ఆ పథ్యం అన్నంలో వేలెట్టాడని చెప్పావు చూడు, అది వినకుండా ఉంటే బాగుండేది. ఇప్పుడు ఈ కూర వండి నీకెట్టా పెట్టను, నేనెట్టా తినను?"

ఆ పూట కూర వండింది, పెట్టింది. ఇద్దరూ ముద్ద ముట్టలేదు. పిల్లలు మాత్రం తిన్నారు.

*

బుధవారం ఐదింటికి కిటికీ మూయగానే ఇశ్రాయేలు సైకిలు బందరు కాలవ గట్టు మీదికి తిప్పాడు. కాలవ పక్కన తాటాకు ఇళ్ళ వరసలో జక్కయ్య ఇల్లు. మూడు రోజులుగా ఏమేం చెప్పాలో లోపల పేర్చుకుంటూనే ఉన్నాడు. నేరుగా చెప్పెయ్యాలి. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకోవాలి. జక్కయ్య తిడితే పడాలి. చెంప మీద కొట్టినా సరే, ఆ కొట్టుడుతో తన భారం కాస్త దిగుతుందేమోనని కూడా ఆశపడ్డాడు.

జక్కయ్య భార్య బుల్లెమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. అతన్ని చూసి చేట పక్కన పెట్టి లేచింది.

"రండన్నయ్య గారూ, రండి. ఈయనతో మాట్లాడటానికి ఒక్కళ్ళు కూడా రాలేదు, మీరన్నా వచ్చారు." మంచం వాల్చింది. మంచినీళ్ళు తెచ్చింది. చెంబు అందిస్తూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎవరో ఈయన బిళ్ళ కొట్టేసి తగిలించారంట గదండీ. ఎవరో తెలియదంటాడు. మీ గదిలో పొరపాటు జరగదు, ఇశ్రాయేలన్న ఉన్నాడు, ఆయనే తేలుస్తాడు అని నేను రోజూ చెబుతున్నా. మీరు కాస్త కనిపెట్టండి."

ఇశ్రాయేలు చెంబు తాగకుండానే కింద పెట్టాడు. ఎవరో తెలియదంటాడు! జక్కయ్యకి తెలియకపోవడమేమిటి? తీగ తన చేతిలోంచే కదా తీసుకున్నాడు.

లోపల్నుంచి జక్కయ్య వచ్చాడు. "పద, గట్టు మీద నడుద్దాం" అన్నాడు.

కాలవలో నీళ్ళు తగ్గిపోయి, పడవలు ఒడ్డుకి ఒరిగి ఉన్నాయి. రేవులో ఎవరో గేదెల్ని కడుగుతున్నారు. ఇద్దరూ రేవు దాటేదాకా నడిచారు.

"నీకు తెలుసా?" అన్నాడు ఇశ్రాయేలు. మూడు రోజులు పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు, ఇది తప్ప.

"నాలుగు బిళ్ళలు కనబడగానే తెలిసింది."

"ఫోర్‌మన్ సంగతి కూడానా?"

"ఎవరికి తెలియదన్నా? ఆయన బిళ్ళ ఇవ్వడని అందరికీ తెలుసు. ఖాళీ మేకుకి ఎవరిదో ఒకటి తగిలిస్తావనీ తెలుసు. పోయిన్నెల సెలవు పెట్టినోడిది, అంతకుముందు కాలు విరిగినోడిది. నవ్వుకునేవాళ్ళం."

ఇశ్రాయేలు నడక ఆగిపోయింది. తన తెలివి, తన గుట్టు! నలభై మందికీ తెలుసన్నమాట. సోమవారం చుట్టూ నిలబడ్డ పదిహేనుమందికీ తెలుసు. తెలిసే అందరూ తన మొహం వంక చూశారన్నమాట.

"మరి నువ్వెందుకు చెప్పలా? ఒక్క ముక్క అనుంటే సరిపోయేది గదా!"

"అనేవాణ్ణే. నోటిదాకా వచ్చింది. నేనంటే, దొరికిపోయి ఇశ్రాయేలు మీదికి తోస్తున్నాడంటారు. అదే నువ్వంటే ఇంక తిరుగుండదు. అందుకని నీ వంక చూశా." జక్కయ్య గొంతులో కోపం లేదు. జబ్బు మనిషి అలసట ఉంది. "చాలాసేపు చూశానన్నా. ఆయన నా అన్నంలో వేలెట్టినప్పుడు కూడా నేను ఆయన వంక చూడలా. నీ వంకే చూస్తున్నా. నువ్వేమో నేలకేసి చూశావు."

జక్కయ్య రెండడుగులు ముందుకేశాడు.

"ఆ సాయంత్రమే వస్తావనుకున్నా. మంగళవారం పొద్దున గట్టు మీద సైకిలు బెల్లు మోగితే నువ్వేననుకుని లేచి కూచున్నా. బుల్లెమ్మకి చెబితే పేటంతా నిన్ను ఆడిపోసుకుంటుంది, రేపు నువ్వు చెప్పేశాక మళ్ళీ నీ మొహం ఎట్టా చూడటం అని ఆవిడకి కూడా చెప్పలా."

"రేపు చెబుతా జక్కయ్యా. పొద్దున్నే చెబుతా. నా మీద ఒట్టు."

"నాతో చెబుతానంటే ఏం లాభం?" అన్నాడు జక్కయ్య. "నాకు తెలిసిందేగా."

అంతే అన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. వెనక్కి తిరిగి ఇంటికేసి నడిచాడు. ఇశ్రాయేలు సైకిలు ఎక్కలేదు. పటమట దాకా తోసుకుంటూనే వచ్చాడు.

*

గురువారం ఇశ్రాయేలు కిటికీ తెరవలేదు. గదిలో తన సొంతమని చెప్పుకోగలిగినవి మూడే ఉన్నాయి. టీ గ్లాసు, కళ్ళజోడు పెట్టె, స్టూలు మీద మడిచి వేసుకునే గోనెసంచి. మూడూ మూట కట్టి తలుపు పక్కన పెట్టాడు. ఉద్యోగం ఎలాగూ పోతుంది. వెళ్ళమన్నాక మళ్ళీ లోపలికొచ్చి అందరూ చూస్తుండగా సర్దుకోవడం కన్నా ఇదే మేలనిపించింది. ఇంట్లో బయల్దేరేటప్పుడు సంపూర్ణమ్మ ఉతికిన చొక్కా తీసి చేతికిచ్చింది.

ఆఫీసు మెట్ల దగ్గర జక్కయ్య నిలబడి ఉన్నాడు, చేతిలో నాలుగు బిళ్ళలున్న తీగ. అప్పజెప్పి పొమ్మన్నారు కనక వచ్చాడు. ఇశ్రాయేలు అతన్ని దాటుకుని మెట్లెక్కాడు. తలుపు తెరిచే ఉంది. లోపల వెంకటప్పయ్య గారు, ఎదురుగా కుర్చీలో తిరుపతిరావు. మెట్ల కింద పనివాళ్ళు ఒకరొకరే చేరుతున్నారు. కిటికీ తెరవకపోతే వాళ్ళకి పనేముంది?

"అయ్యగారూ, ఆ బిళ్ళ తగిలించింది నేనేనండి" అన్నాడు ఇశ్రాయేలు.

ఒకసారి మొదలయ్యాక మాటలు ఆగలేదు. శనివారం ఎవరు తీసుకెళ్ళారో చెప్పాడు. డ్రాయరు సంగతి చెప్పాడు, నాలుగేళ్ళ సంగతి చెప్పాడు, తీగలో నాలుగే ఇచ్చానని చెప్పాడు. సోమవారం అడిగినప్పుడు పదిహేడని అన్నాననీ, అబద్ధమని తెలిసీ ఊరుకున్నాననీ చెప్పాడు. గొంతు మెట్ల కిందికి వినబడేంత గట్టిగానే వచ్చింది.

వెంకటప్పయ్య గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. బావమరిది వంక చూశారు.

"పోయింది బావగారూ" అన్నాడు తిరుపతిరావు మెడ గోక్కుంటూ. "వీలు చూసి చెబుదామనే ఉన్నా."

"బుద్ధుండాలయ్యా మనిషికి! ఇంకోసారి ఇట్టా చేశావంటే బాగుండదు." ఆయన విసుక్కున్నారు. అక్కడితో ఆ సంగతి అయిపోయింది. మద్రాసు నించి ఇంకోటి తెప్పించమని గుమాస్తాకి కేకేశారు. గుమ్మంలోకి చూసి, "జక్కయ్యా, సరే, పోయి పని చూసుకో" అన్నారు. అంతకు మించి ఆయన నోట ఇంకో ముక్క రాలేదు.

ఇప్పుడు తన వంతు. ఇశ్రాయేలు తలవంచుకుని నిలబడ్డాడు. దెబ్బ ఎప్పుడు పడుతుందా అని వీపు బిగబట్టుకున్నాడు. కుర్చీ జరిగిన చప్పుడైంది. అడుగులు దగ్గరికొచ్చాయి. భుజం మీద చెయ్యి పడింది. బరువుగా, ఆప్యాయంగా.

"నువ్వు మంచి పని చేశావయ్యా ఇశ్రాయేలూ."

అతను తలెత్తాడు. తాను సరిగ్గా విన్నానో లేదో అర్థం కాలేదు.

"సోమవారం ఆ గుడివాడ ఆసామి ముందు, అంతమంది పనివాళ్ళ ముందు నువ్వు తొందరపడి మా తిరుపతి పేరు పైకని ఉంటే ఏమయ్యేది? ఇంటి పరువు గేటు దాటేది. మూడు రోజులు కడుపులో పెట్టుకున్నావు. ఇంట్లో మనిషి కూడా అంత ఓర్చడు." వెంకటప్పయ్య గారి కళ్ళల్లో నిజమైన అభిమానం కనబడింది. ఆయన వేళాకోళం చెయ్యడం లేదు. "నాకు కావాల్సింది నీలాంటి మనిషే." బల్ల సొరుగు లాగి పెద్ద తాళంచెవుల గుత్తి తీశారు. "సామాన్ల గదొక్కటే కాదు. ఇవాళ్టి నించి గేటు తాళాలు, గోడౌను తాళాలు కూడా నీ దగ్గరే ఉంచు."

గుత్తి చేతిలో పెట్టారు.

ఇశ్రాయేలు చేతిలోని గుత్తి వంక చూశాడు. ఉద్యోగం పోతుందని భయపడి మూడు రోజులు దాచిన మాట. ఆ దాచడానికి ఇది బహుమానం! తిట్టి ఉంటే తలవంచుకుని పోయేవాడు. ఇంటికెళ్ళి సంపూర్ణమ్మకి చెప్పుకుని ఏడ్చేవాడు. ఈ మెప్పుని ఎక్కడికి తీసుకెళ్ళి ఎవరికి చెప్పుకోవాలి? అతను చేసిన పని ఎలాంటిదో జక్కయ్య మాటల్లో కూడా అంత స్పష్టంగా కనబడలేదు. యజమాని చెయ్యి భుజం మీద పడ్డాకే కనబడింది.

గుమ్మం అవతల జక్కయ్య ఇంకా అక్కడే ఉన్నాడు. వెనక పాతికమంది. అందరూ విన్నారు. ఎవరి మొహంలోనూ కోపం లేదు. యజమాని ఇంటి మనిషి వంక పనివాళ్ళు ఎలా చూస్తారో అలా చూస్తున్నారు. అంతే. ఇన్నాళ్ళూ వాళ్ళు తిరుపతిరావు వంక అలాగే చూసేవారు.

ఇశ్రాయేలు గుత్తి బల్ల మీద పెట్టాడు. జేబులోంచి సామాన్ల గది తాళంచెవి కూడా తీసి దాని పక్కన పెట్టాడు.

"ఇవి నాకొద్దండి. ఆ గది కూడా వద్దండి. కింద ఏదన్నా పని ఇప్పించండి, చేసుకుంటాను. లేదంటే పొమ్మనండి."

వెంకటప్పయ్య గారు తెల్లబోయారు. "ఏవయ్యా, నీకేం పోయేకాలం? నిన్నేమన్నానని? నేను నిన్ను తీసెయ్యలేదే!"

"అందుకేనండి" అన్నాడు ఇశ్రాయేలు.

మెట్లు దిగుతుంటే పనివాళ్ళు దారిచ్చారు. గేర్‌బాక్సు జక్కయ్య విప్పి పరిచిన చోటికి ఇశ్రాయేలు వెళ్ళి, కిరసనాయిలు తొట్టి ముందు గొంతుక్కూర్చుని, ఉతికిన చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. పదకొండేళ్ళు పనిముట్లు అందించిన చేతులకి ఏ పళ్ళచక్రం ముందు కడగాలో, ఏది తర్వాత కడగాలో తెలియలేదు. కాసేపటికి జక్కయ్య వచ్చి తొట్టి అవతలి వైపు కూర్చున్నాడు. అతనికేసి చూడలేదు. గ్రీజు పట్టిన చక్రాల్లో ఒకటి తీసుకుని, మిగతావి చేత్తో తొట్టికి ఇవతలి వైపుకి జరిపాడు. ఇశ్రాయేలు అందులో ఒకటి తీసుకుని కడగడం మొదలుపెట్టాడు.